జమ్మివేళ్ల చెంతనున్న కాపురము

విజయదశమినాడు సాయంసమయమున జమ్మిచెట్టునకు ప్రదక్షిణము చేయని తెలుగుటిల్లాలు అరుదు. విరాటనగరమును జొచ్చుటకు ముందు పాండవులు తమ యాయుధములను ఈ చెట్టుకొమ్మలయందే దాచిరని చిన్ననాటినుండి వినుచున్నాము. శమి తన గర్భమున అగ్నిని దాచుకొనునని సంస్కృతకవులు చెప్పుదురు. ఆయుధములను దాచినది, అగ్నిని దాచినది యని దీనికి పేరు. అయినను ఈ చెట్టు దాచిన మూడవ వస్తువొకటి కలదనియు, అది కొమ్మలలోగాక వేళ్లచెంత మట్టిలో నున్నదనియు మేము మొన్నమొన్నటివరకు ఎఱుగము. ఎఱుగునట్లు చేసినవి ఎండిపోయిన ఆఱు మొక్కలు.

మా ఇంటివారు ఉపాధ్యాయులుగా నున్న బడి అనంతపురపు మెట్టసీమలో నున్నది. నాలుగేండ్ల క్రిందట బడి యావరణమున జమ్మిచెట్టు లేని కొఱత తీర్చవలెనని ఆఱు మొక్కలను తెప్పించిరి. ఏటియిసుకయు కొబ్బరిపీచు పొట్టును నింపిన సంచులలో అవి పెరిగినవి. బడి నేలయో, మొరము తోలి చదును చేసినది. గడ్డిపోచయైన మొలవని చోటు. అందులో గుంతలు త్రవ్వించి మొక్కలను నాటిరి. పిల్లలు వంతులవారీగా నీరు పోసిరి; సెలవుదినములలో మేమే బిందెలతో మోసితిమి. మూడు నెలలలో ఆఱును ఎండిపోయినవి. నీవు నీరు పోయలేదనిన నీవు పోయలేదని పిల్లలు తగవులాడుకొనిరి. అయిదవ తరగతి చదువుచున్న ఒక చిన్నది మాత్రము ఎవ్వరినీ అనక, మా వంటయింటి గడపపై కూర్చుండి వెక్కివెక్కి యేడ్చినది. తన వంతునాడు జ్వరము వచ్చి బడికి రాలేదట. మొక్కలు తనవల్లనే చచ్చినవని దాని నమ్మకము.

ఆ దారినే గొఱ్ఱెలను తోలుకొనిపోవు అవ్వ యొకతె ఈ గొడవ విని నిలిచి, “నీళ్లు పోస్తే సరా అమ్మా? పిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు సారె పెట్టకుండా పంపుతామా? ఊరిబయట పెద్దజమ్మి ఉంది గదా, దాని కింద మన్ను గంపెడు తెచ్చి గుంతలో వెయ్యండి” అన్నది. అవ్వ మాటకు మేము నవ్వితిమి. తరువాత వృక్షశాస్త్రమునకు సంబంధించిన పుస్తకములను మా ఇంటివారిచేత తెప్పించుకొని చదువగా, ఆ నవ్వునకు సిగ్గుపడవలసివచ్చినది.

జమ్మిచెట్టు బలము తెలియవలెనన్న దానిని మన పెరటిలోగాక ఎడారిలో చూడవలెను. రాజస్థానమందలి థారు ఎడారిలో దీనిని ఖేజడీ యందురు. జైసల్మేరు ప్రాంతమున ఏడాది పొడుగునను కురియు వాన 200 మిల్లీమీటర్లకు లోపే. మా అనంతపురమునకు 550 మిల్లీమీటర్ల వఱకు కురియును; అయినను కఱవుసీమయని కన్నీరు పెట్టుకొందుము. వారియెదుట మేము భాగ్యవంతులము. వేసవిలో అచ్చటి ఇసుక పైపొర వేడిమి 60 డిగ్రీలను దాటును. తక్కిన చెట్లు ఆకు రాల్చుకొని ప్రాణములు బిగబట్టుకొనియుండు ఆ దినములలోనే ఖేజడీ క్రొత్త చిగురు తొడుగుకొని, పూచి, కాయలు కాయును. ఆ లేతకాయలను సాంగరీ యందురు. అచ్చటి స్త్రీలు వానిని ఎండబెట్టి ఏడాదికి నిలువచేసికొని, కైర్ అను మఱియొక ఎడారికాయతో కలిపి కూర వండుదురు. ఆకు మేకలకును ఒంటెలకును మేత. 1899లో వచ్చిన ఘోరమైన కఱవు విక్రమశకమున 1956వ సంవత్సరమగుటచేత దానిని ఛప్పనియా కఱవని నేటికిని చెప్పుకొందురు. ఆ కఱవులో తినుటకేమియు దొరకక తల్లులు ఖేజడీ బెరడు నూఱి పిండిచేసి రొట్టెలు కాల్చి బిడ్డలకు పెట్టిరట. 1730లో జోధపురమునొద్ద ఖేజడ్లీ గ్రామమున రాజభటులు ఈ చెట్లను నఱుకవచ్చినపుడు అమృతాదేవి యను బిష్ణోయీ యిల్లాలు చెట్టును కౌగిలించుకొని ముందుగా ప్రాణమిచ్చినది. ఆమె వెనుక మొత్తము 363 మంది ప్రాణములు విడిచిరి. రాజస్థానము 1983లోను, తెలంగాణము 2014లోను ఈ చెట్టునే రాష్ట్రవృక్షముగా ప్రకటించుకొన్నవి. దుబాయి, అబూదాబీలలో పనికి పోయిన మనవారు అచ్చట ‘గాఫ్’ అను పేర చూచుచున్న చెట్టును ఇదే.

మఱి యింత చెట్టు ఆ యిసుకలో దేనిని తిని బ్రదుకుచున్నది? నీటి సంగతి కొంత తెలిసినదే. దాని తల్లివేరు 30 మీటర్లవఱకును దిగి తేమను వెదకికొనును. కాని నీరొక్కటియే యన్నము కాదు. ఆకునకు నత్రజని కావలెను, భాస్వరము కావలెను. ఎడారి యిసుకలో నత్రజని మిక్కిలి స్వల్పము. భాస్వరము ఉన్నను సున్నముతో బిగిసికొని, తాళమువేసిన పెట్టెలోని బియ్యమువలె నుండును. మఱియు వింతయేమనగా, ఖేజడీ నీడలో విత్తిన సజ్జ బయట విత్తిన సజ్జకన్న ఏపుగా పెరుగును. సాధారణముగా చెట్టునీడ పైరునకు పనికిరాదందుము గదా! అచ్చటి రైతు మాత్రము పొలము నడుమ ఖేజడీని కొట్టివేయడు.

ఈ చిక్కు విప్పుటకు వేరును ఆనుకొనియున్న మట్టిని చూడవలెను. వేరుచుట్టును ఒకటిరెండు మిల్లీమీటర్ల మందమున నుండు మట్టి తక్కిన మట్టివంటిది కాదని 1904లో హిల్ట్నర్ అను జర్మను పండితుడు గ్రహించి, దానికి ‘రైజోస్ఫియర్’ అని పేరిడెను. మనము వేరుమండల మనుకొందము. కంటికి కానరాని బాక్టీరియములును, బూజుజాతి శిలీంధ్రములును ఆ మండలమున కిటకిటలాడుచుండును. పైనున్న బోడియిసుకలో అవి పలుచగా నుండును. వేరు పోయిన దారిని మాత్రము గుంపులు గట్టును. కారణము తిండియే. చెట్టు ఎండలో వండిన చక్కెరలో కొంత భాగమును వేళ్లద్వారా మట్టిలోనికి వదలును. తన కడుపు నిండుటయే కష్టమైన చోట ఈ దుబారా యేమని మేము మొదట ఆశ్చర్యపడితిమి. చదివినకొలదిని అది దుబారా కాదని తెలిసినది. ఇంట పనిచేయువారికి అన్నము పెట్టకుండ ఏ ఇల్లు నడచును?

ఆ పనివారిలో మొదట చెప్పదగినవి నత్రజనిని పట్టియిచ్చు బాక్టీరియములు. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. కాని ఏ చెట్టును దానిని నేరుగా తినలేదు. ఎఱువుల కర్మాగారములలో ఆ నత్రజనిని లొంగదీయుటకు 400 డిగ్రీలకు మించిన వేడిమియు, గాలియొత్తిడికి నూఱింతలకు పైబడిన యొత్తిడియు కావలసియున్నవి. ఈ బాక్టీరియములు ఆ పనినే చల్లని మట్టిలో చప్పుడులేకుండ చేయుచున్నవి. జమ్మి చిక్కుడుకుటుంబమునకు చెందినది. కంది, పెసర, వేరుసెనగలకు చుట్టము. ఈ కుటుంబపు వేరు ఒక విధమైన రసమును మట్టిలోనికి పంపి బాక్టీరియమును పిలుచును. బాక్టీరియము తన రసముతో బదులు చెప్పును. గుఱుతు కుదిరినపుడే వేరునూగు వంగి దానిని లోనికి రానిచ్చును. కుదరనిచో తలుపు తెఱవదు. లోనికి వచ్చిన బాక్టీరియమునకు వేరు ఒక బుడిపెను గది వలె కట్టియిచ్చును.

ఆ గదిలో నొక సంకటము కలదు. నత్రజనిని లొంగదీయు పదార్థము ప్రాణవాయువు తగిలినచో చెడిపోవును. బాక్టీరియమునకో, బ్రదుకుటకు ప్రాణవాయువు కావలెను. అందుచేత బుడిపెలో ఎఱ్ఱని పదార్థమొకటి తయారగును. అది మన రక్తమును ఎఱ్ఱగాజేయు పదార్థమునకు దగ్గఱి చుట్టము. అది ప్రాణవాయువును పట్టుకొని, కొలిచి, కావలసినంతయే అందించుచుండును. ఈ మాట నమ్మనివారు మాతో వాదింపనక్కఱలేదు. పెరటిలో చారెడు పెసలు చల్లి, నలుబది దినములైన తరువాత ఒక మొక్కను మట్టితోగూడ మెల్లగా పెల్లగించి, నీటిలో జాడించి, వేరుమీది బుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల లేతగులాబి వన్నె కానవచ్చును. అట్లున్నచో అది పనిలో నున్నదన్నమాట. మాసినవన్నెగానో ఆకుపచ్చగానో యున్నచో దాని పని అయిపోయినది. బుడిపెలుగల మొక్కలు గాలిలోని నత్రజనిని వాడుకొనునని హెల్రీగెల్, విల్ఫార్త్ అను ఇద్దఱు జర్మను పండితులు 1886లో తెలియజేసిరి. 1888లో హాలండు దేశీయుడైన బైజెరింక్ ఆ బాక్టీరియమును వేఱుచేసి పెంచెను. పప్పుధాన్యములు వేసిన చేనిలో మఱునాటి పైరు బాగుండునని మన రైతులు అంతకు ఎన్ని తరముల ముందునుండి ఎఱుగుదురో!

ఎడారిచెట్టును పైపైన త్రవ్విచూచినచో బుడిపెలు తఱచుగా కనబడవు. అందుచేత ఇట్టి చెట్లకు బుడిపెలే లేవేమో యని కొందఱికి సందేహము కలిగెను. 1980 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, సొనోరా ఎడారిలో, జమ్మికి జ్ఞాతియైన మెస్కీటు చెట్టుక్రింద లోతుగా త్రవ్విచూచిరి. ఎండకు మాడు పైమట్టిలో కొద్దిగా మాత్రమేయున్న బాక్టీరియములు, నాలుగైదు మీటర్ల అడుగున, నీటిమట్టమునకు పైనున్న తేమమట్టిలో విరివిగా కాపురముండెను. మనుష్యులు వేసవిలో నేలమాళిగలోనికి దిగినట్లు అవియును దిగినవి. ఈ మెస్కీటునకు తోబుట్టువువంటిదే మన పల్లెల వంటచెఱకు సర్కారుతుమ్మ. అది 1877లో కడపసీమలోని కమలాపురమున నాటబడి, యిప్పుడు పిలువని పేరంటమునకు వచ్చి పెత్తనము చేయుచున్నది. దాని బలములో కొంత ఈ బుడిపెలదే.

ఈ జాతిచెట్లలో కొన్ని మఱియొక పనియు చేయునని కనుగొనిరి. పగలెల్ల లోతునుండి తోడిన నీటిలో కొంత, రాత్రివేళ ఆకులు నిదురించునపుడు, పైవేళ్లగుండ ఎండుమట్టిలోనికి స్రవించును. తెల్లవారులోపల పైమట్టి ఇంచుక చెమ్మగిల్లి, అందలి సూక్ష్మజీవులు ప్రాణములు నిలుపుకొనును. ఇది చదివిననాటి రాత్రి మేము కొంతసేపు నిదురపోలేదు.

ఇక భాస్వరపు పెట్టె తాళము తీయువారు శిలీంధ్రములు. బూజనగానే మనకు ఆవకాయజాడీ జ్ఞప్తికి వచ్చి అసహ్యము కలుగును. కాని భూమిమీది చెట్టుచేమలలో అధికభాగము ఒక జాతి బూజుతో వియ్యమందినవే. 1885లో ఫ్రాంక్ అను జర్మను పండితుడు ఈ పొత్తునకు ‘మైకోరైజా’ యని పేరుపెట్టెను. బూజువేరని దాని యర్థము. జమ్మివంటి చెట్లలోనుండు శిలీంధ్రము వేరులోని కణములందు ప్రవేశించి, కొమ్మలు రెమ్మలుగా చీలి, చిన్నచెట్టు రూపమున నుండును. సూక్ష్మదర్శినిలో చూచిన చిత్రములను మేము పుస్తకమున చూచితిమి: చెట్టువేరులో చెట్టు! వెలుపలివైపున దాని పోగులు తలవెండ్రుకలో పదవవంతు సన్నమై, వేరు దూరలేని ఇసుకరేణువుల సందులలో దూరి, వేరునకు అందనంత దూరము పోయి భాస్వరమును, కొంత నీటిని తెచ్చియిచ్చును. కూలి చక్కెరగను క్రొవ్వుగను ముట్టును. చెట్టు సంపాదనలో అయిదవవంతువఱకు ఆ కూలికే పోవుటయు కలదు. కూలి యెక్కువే. స్కాట్లండులో దొరికిన 40 కోట్ల యేండ్లనాటి శిలలలో అప్పటి మొక్కలకు సరియైన వేళ్లే లేవు. అయినను వానిలో ఈ బూజు జాడలున్నవి. వేరుకన్న ముందే వియ్యము కుదిరినదన్నమాట.

గడ్డిపోచల నేర్పు వేఱు. ఎడారిగడ్డిని పెరికినచో పలు జాతులలో వేరు బయటికి రాదు. వేరునకు తొడిగిన ఇసుక గొట్టము వచ్చును. 1887లో ఫోల్కెన్స్ అను పండితుడు ఈజిప్టు, అరేబియా ఎడారుల వృక్షములనుగూర్చి వ్రాయుచు దీనిని వర్ణించెను. వేరును సూక్ష్మజీవులును విడుచు జిగురు ఇసుకరేణువులను అతికి ఆ తొడుగును చేయును. సబ్జాగింజలు నానినపుడు చుట్టును పట్టు జిగురు నెఱుగుదుము గదా. అట్టిదే ఇదియు, నీటిని పట్టుకొని మెల్లమెల్లగా విడుచును. జైసల్మేరు ఆవులకు మేతయైన సేవణ్ అను గడ్డి వేళ్లయందును వానిని ఆనుకొనిన మట్టియందును నత్రజనిని పట్టు బాక్టీరియములను మన దేశపు పండితులే వెదకి చూపిరి.

తొలకరి చినుకుపడగానే మట్టినుండి లేచు కమ్మని వాసనకూడ చాలవఱకు ఇట్టి జీవులదే. ఎండుమట్టిలో ఓర్పుతో నుండు స్ట్రెప్టోమైసిస్ అను బాక్టీరియము దానిని పుట్టించును. 1965లో ఆ పదార్థమునకు ‘జియోస్మిన్’ అని పేరిడిరి, భూగంధమని యర్థము. పృథివి గుణము గంధమని తర్కము చదువుకొన్న మా తండ్రిగారు నేడుండినచో ఎంత సంతోషించెడివారో!

వేరుమండలమున అందఱును మిత్రులే యనుకొనరాదు. రాజస్థానమున నాగౌరు, సీకరు, ఝుంఝునూ, జోధపుర ప్రాంతములలో ఖేజడీ చెట్లు నిలువున ఎండిపోవుచున్నవని చాలకాలముగా వినవచ్చుచున్నది. జోధపురమున 1959నుండి నడచుచున్న కేంద్ర ఎడారి పరిశోధనాలయమువారును, తదితర పండితులును ఎండినచెట్ల వేళ్లను పరీక్షింపగా, వేరును తొలుచు పెద్దపురుగొకటియు, గానోడెర్మా యను శిలీంధ్రమును కనబడినవి. ఇదియు బూజుజాతిదే, కాని చక్కెర పుచ్చుకొని భాస్వరమిచ్చునది కాదు, వేరునే కుళ్లబెట్టి తినునది. చెట్టుమొదట చెక్కతునకవలె గట్టిగా గొడుగు వెలువడునప్పటికి లోపలి పని ముగిసియుండును. అయితే బలముగానున్న చెట్టును ఇది సులభముగా పట్టలేదు. మేతకై ఏటేట కొమ్మలన్నియు నఱికివేయుటచేత చక్కెర వండుటకు ఆకులు లేవు. ట్రాక్టరునాగలి పైవేళ్లను తెంచుచున్నది. గొట్టపుబావులు నీటిమట్టమును వేరునకందకుండ దింపివేసినవి. చక్కెర లేని చెట్టు తన పనివారికి కూలి యెట్లిచ్చును? కూలి లేనిచో వారెట్లు నిలుతురు? ఇంటివారు బలహీనులైనపుడే దొంగ గోడకు కన్నము వేయును. ఇది చాలక, ఎండనుండి విద్యుత్తును తీయు పలకలను పఱచుటకు బికనీరు ప్రాంతమున ఖేజడీలను నఱుకుచున్నారని బిష్ణోయీలు మరల ఎదురు తిరుగుచున్నారు. ఆ విద్యుత్తు వలదని మేమనము. మా ఇంటిపైనను ఒక పలక యున్నది. నఱికినచోట మఱియొక మొక్క నాటుదుమనువారు మాత్రము మా బడిలోని ఆఱు మొక్కలను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

మన భక్తియును ఒక్కొక్కప్పుడు చెట్టునకు శత్రువగుచున్నది. గుడియెదుటి జమ్మికి ప్రదక్షిణము చేయుటకు అనుకూలముగా నుండునని మొదలంటుకొని సిమెంటు పోయింతురు. వానచుక్క దిగదు, గాలి చొరదు, రాలిన ఆకు మట్టిలో కలియదు. పైన పసుపుకుంకుమలు, క్రింద ఉక్కిరిబిక్కిరి.

మరుసటి యేడు తొలకరికి మా ఇంటివారు నాలుగు మొక్కలను తెప్పించిరి. ఈసారి గుంతలను పెద్దవిగా త్రవ్వించి మొరము తీసివేయించితిమి. ఏడ్చిన ఆ చిన్నదానిని వెంటబెట్టుకొని మేమే ఊరిబయటి పెద్దజమ్మి యొద్దకు పోయి, పైపైని దుమ్మును త్రోసివేసి, సన్నవేళ్లున్నచోట గంపెడు మన్ను మెల్లగా ఎత్తుకొని వచ్చితిమి. అవ్వ వెంటవచ్చి, చెట్టు మొదటిలో గొడుగులేమైన మొలిచినవేమో యని చుట్టును తిరిగి చూచినది. రోగపుచెట్టు మన్ను సారెకు పనికిరాదట! నాలుగింటిలో ఒకదానిని అవ్వ మేకయే తినివేసినది. తక్కిన మూడును బ్రదికినవి. ఇంతమాత్రముచేత మేము సిద్ధాంతము చేయబోము. ఆ యేడు వానలును బాగుగా కురిసినవి, గుంతలును మొదటివానికన్న మంచివి. మొదటి మొక్కలు నీవు నీరుపోయనందున చావలేదని ఆ చిన్నదానికి చెప్పుటకు మాత్రము మాకు ధైర్యము చాలినంత ఆధారము దొరకినది.

ఈ జూన్ నెలలో అది ఎనిమిది ముగించి పై బడికి పోయినది. పోవునపుడు క్రొత్తబడిలో నాటుటకు ఒక జమ్మిమొక్కను, మా బడి జమ్మి క్రింది మన్నును పాలడబ్బాలో నింపుకొని వచ్చి మాకు చూపినది. గొఱ్ఱెలతో నిలుచున్న అవ్వ డబ్బాలోనికి తొంగిచూచి, “ఇదేమి సారె పాపా, పిడికెడు? గంపెడు పెట్టించుకో” అని గదిమినది. మేము గంప తెచ్చుటకు లోనికి పోయితిమి.